ఇంటర్నెట్ ఫోన్ అడాప్టర్ పెట్టిన తర్వాత నెట్ మొరాయిస్తే ఏం చేయాలి?

మామూలు ల్యాండ్‌లైన్ ఫోన్‌లో ఇంటర్నెట్ ద్వారా మాట్లాడేందుకు అడాప్టర్‌ను తగిలించిన కొద్దిసేపటికే ఇంట్లో నెట్ ఆగిపోయినా, నెమ్మదించినా, వచ్చిపోతూ ఉన్నా, అందరికీ మొదట అనుమానం వచ్చేది కనెక్షన్ ఇచ్చిన సంస్థ మీదనో, కొత్త పెట్టె మీదనో. నా అనుభవంలో చాలాసార్లు అడాప్టరూ బాగానే ఉంటుంది, లైనూ బాగానే ఉంటుంది. అడాప్టర్‌ను తగిలించిన చోటే సరైనది కాదు. రెండు నెట్‌వర్క్ పోర్టులున్న అడాప్టర్లలో అనేకం లోపల చిన్నపాటి రౌటర్లే, అంటే ఇంటి పరికరాలన్నిటికీ నెట్ పంచే పెట్టెలే. అప్పటికే రౌటర్ ఉన్న ఇంట్లోకి అలాంటిది వచ్చిందంటే ఒకే ఒరలో రెండు కత్తులు దూర్చినట్లవుతుంది.

అందుచేత సెట్టింగుల జోలికి పోకముందే చేయవలసిన పని ఒకటుంది. ఇప్పుడు కేబుళ్లు ఎలా ఉన్నాయో ఒక ఫొటో తీసుకొని, అడాప్టర్‌ను పూర్తిగా తీసేసి, మోడెమ్‌ను (బయటి లైన్ నుంచి ఇంట్లోకి నెట్ తెచ్చే పెట్టె), రౌటర్‌ను పూర్వం ఉన్నట్టే కలపండి. తర్వాత మోడెమ్ ప్లగ్ తీసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పెట్టండి. ఈ పని తప్పనిసరి, ఎందుకంటే చాలా కేబుల్ మోడెమ్‌లు ఆన్ అయ్యాక తమకు మొదట కనిపించిన పరికరం మ్యాక్ అడ్రస్‌ను (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యను) గుర్తుపెట్టుకొని, మధ్యలో మార్చిన పరికరానికి నెట్ ఇవ్వవు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది. లోపల బ్యాటరీ ఉన్న మోడెమ్ ప్లగ్ తీసినంత మాత్రాన ఆరదు కనుక బ్యాటరీని కూడా బయటికి తీయాలి. అడాప్టర్ లేకుండా నెట్ నిలకడగా వస్తే ఇక వెతకవలసింది అడాప్టర్ చుట్టూనే. అప్పటికీ రాకపోతే, అటూ ఇటూ జరిపినప్పుడు వదులైన కేబులో, లైనో కారణం కావచ్చు కాబట్టి అప్పుడు సంస్థకు ఫిర్యాదు చేయడం సబబు.

రౌటర్ ఉన్న ఇంట్లో నేను సూచించే వరుస ఒక్కటే: మోడెమ్ నుంచి రౌటర్‌కు, రౌటర్ నుంచి అడాప్టర్‌కు. అడాప్టర్ మీద వాన్ (బయటి నెట్ వైపు) అనో, ఇంటర్నెట్ అనో రాసి ఉన్న పోర్టులో కేబుల్ ఒక కొస పెట్టి, రెండో కొసను రౌటర్ వెనుక ఉన్న లాన్ (ఇంటి లోపలి పరికరాల వైపు) పోర్టుల్లో ఒకదానికి తగిలించాలి. మోడెమ్, రౌటర్ ఒకే పెట్టెలో ఉన్నా పద్ధతి ఇదే. కొన్ని అడాప్టర్లతో వచ్చే పుస్తకంలో మాత్రం మోడెమ్‌కూ రౌటర్‌కూ మధ్యలో అడాప్టర్‌ను పెట్టమని బొమ్మ వేసి ఉంటుంది. మాటకు ముందు దారి ఇచ్చి, మిగతా డేటాను ఆ వెనుక పంపాలన్నది అందులోని ఉద్దేశం, అది మంచిదే. కానీ అప్పుడు ఇంటి నెట్ అంతా ఆ చిన్న పెట్టె గుండానే ప్రవహించాలి. పాత అడాప్టర్ల పోర్టులు 100 ఎంబీపీఎస్‌కు మించి పోలేవు కనుక, అంతకంటే పెద్ద ప్లాన్ ఉన్న ఇంట్లో వేగ పరీక్ష ఎన్నిసార్లు చేసినా 94, 95 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంటే, కారణం ఈ అమరికేనని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

అడాప్టర్ మధ్యలో ఉన్నప్పుడు వచ్చే మరో చిక్కు ఐపీ అడ్రసులది, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే సంఖ్యలది. రౌటర్ లోపలి అడ్రస్ 192.168.1.1 అయి, అడాప్టర్ లోపలి అడ్రస్ కూడా అదే అయితే, రౌటర్‌కు తన ముందూ వెనకా ఒకే నెట్‌వర్క్ కనిపించి, ఏ డేటాను ఎటు పంపాలో తేల్చుకోలేక నిలిచిపోతుంది. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్లి దాని లాన్ అడ్రస్‌ను 192.168.5.1 వంటి వేరే సంఖ్యకు మార్చి రీస్టార్ట్ చేస్తే ఈ ఘర్షణ తీరుతుంది. డీఎస్ఎల్ లైన్లలోనూ, కొన్ని ఫైబర్ లైన్లలోనూ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే పీపీపీఓఈ పద్ధతి ఉంటుంది. ఆ లాగిన్ అప్పటిదాకా రౌటర్ చేస్తూ ఉంటే, ముందుకు వచ్చిన అడాప్టర్‌లో ఆ వివరాలు నింపేదాకా ఇంటికి నెట్ రాదు.

అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేది తప్పు పోర్టు. మా ఇంట్లోనే ఒకసారి రౌటర్ నుంచి వచ్చిన కేబుల్‌ను అడాప్టర్ వాన్ పోర్టులో కాక, పక్కనే ఉన్న లాన్ పోర్టులో పెట్టాను. లైట్లన్నీ వెలిగాయి. టీవీ, ఒక మొబైల్ మామూలుగా పనిచేశాయి. ల్యాప్‌టాప్‌లో మాత్రం వైఫై సిగ్నల్ నిండుగా ఉన్నా ఒక్క పేజీ తెరుచుకోలేదు. కమాండ్ విండోలో ఐపీకాన్ఫిగ్ (ipconfig) ఆదేశం ఇచ్చి డీఫాల్ట్ గేట్‌వే (పరికరం బయటి నెట్‌కు వెళ్లే ద్వారం) వరుస చూస్తే, అక్కడ ఉండవలసిన 192.168.1.1కు బదులు 192.168.15.1 అని ఉంది. అది అడాప్టర్ అడ్రస్. ఇంట్లో ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ సర్వర్లు రెండయ్యాయి. ముందే అడ్రస్ తీసుకున్న పరికరాలు పాత దారినే నడుస్తుండగా, కొత్తగా ఆన్ చేసిన ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ ముందుగా జవాబిచ్చి తన వైపు లాక్కుంది. అడాప్టర్ వాన్ పోర్టు ఖాళీగా ఉన్నందున ఆ దారిలో బయటికి మార్గమే లేదు. కేబుల్‌ను సరైన పోర్టుకు మార్చి ల్యాప్‌టాప్‌ను రీస్టార్ట్ చేయడంతో సమస్య పోయింది. కొన్ని పరికరాలకు నెట్ వచ్చి కొన్నిటికి రాకపోతే మొదట చూడవలసింది ఈ గేట్‌వే సంఖ్యనే. అడ్రస్ 169.254తో మొదలైతే మాత్రం ఆ పరికరానికి అడ్రస్ ఇచ్చేవారే దొరకలేదని అర్థం.

నెట్ వస్తూనే బాగా నెమ్మదించిందంటే కాల్స్ నెట్‌ను తినేస్తున్నాయని అనుకోవద్దు. జీ.711 అనే సాధారణ కోడెక్‌లో (మాటను డేటాగా మార్చే పద్ధతిలో) ఒక కాల్‌కు అటూ ఇటూ చెరో 64 కేబీపీఎస్, ప్యాకెట్లకు (డేటా ముక్కలకు) చేర్చే పైతొడుగులు కలుపుకొంటే సుమారు 87 కేబీపీఎస్ పడుతుంది. నేటి కనెక్షన్లకు అది లెక్కలోకి రాదు. చూడవలసింది అడాప్టర్‌లోని క్యూఓఎస్ పేజీ, అంటే ఏ డేటాకు ముందు దారి ఇవ్వాలో నిర్ణయించే పేజీ. అక్కడ అప్‌లోడ్ వేగం అని పాతకాలపు చిన్న సంఖ్య వేసి ఉంటే, మధ్యలో ఉన్న అడాప్టర్ ఇంటి అప్‌లోడ్ మొత్తాన్ని ఆ హద్దులోనే నొక్కిపెడుతుంది. అసలు అప్‌లోడ్ వేగాన్ని కొలిచి, దానికి కొంచెం తక్కువగా అక్కడ వేయండి, లేదా అడాప్టర్‌ను రౌటర్ వెనక్కి మార్చి ఆ ప్రాధాన్యాన్ని రౌటర్‌లోనే పెట్టండి.

కేబుల్‌తో కలిపిన కంప్యూటర్ బాగా పనిచేస్తూ వైఫై ఒక్కటే దెబ్బతింటే, అడాప్టర్‌కు తగిలించిన కార్డ్‌లెస్ ఫోన్‌ను అనుమానించాలి. పాత కార్డ్‌లెస్ ఫోన్లలో కొన్ని వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలోనే పనిచేస్తాయి. ఫోన్ బేస్‌ను రౌటర్‌కు దూరంగా జరపడం, వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చడం దీనికి మందు.

దీనికి ఎదురు పరిస్థితి కూడా ఉంది: నెట్ చక్కగా ఉంటుంది, ఫోనే సతాయిస్తుంది. మన మాట అవతలివారికి వినిపిస్తూ వారి మాట మనకు వినిపించకపోతే రౌటర్‌లోని సిప్ ఏఎల్‌జీని ఆపి చూడండి. ఫోన్ సంకేతాలకు సాయపడాలని పెట్టిన ఈ సదుపాయం చాలా రౌటర్లలో ఆ సంకేతాలలోని అడ్రసులను తప్పుగా దిద్దుతుంది. మనం చేసే కాల్స్ వెళ్తూ, మనకు వచ్చేవి కొంతసేపటి తర్వాత మోగడం మానేస్తే, రౌటర్ ఆ దారిని మూసేస్తోందని అర్థం. అడాప్టర్‌లో న్యాట్ కీప్ అలైవ్‌ను (దారి మూసుకుపోకుండా అప్పుడప్పుడూ చిన్న సందేశం పంపే సదుపాయాన్ని) ఆన్ చేసి 20 నుంచి 30 సెకన్లకు పెడితే దారి తెరిచి ఉంటుంది.

ఒక హెచ్చరిక. ఇంటి గోడల్లోని పాత టెలిఫోన్ వైరింగ్ ఇంకా ఎక్స్ఛేంజ్ లైన్‌కు కలిసి ఉంటే అడాప్టర్ ఫోన్ పోర్టును ఆ సాకెట్‌లో పెట్టకూడదు. ఆ లైన్‌లో మామూలుగా 48 వోల్టులు, రింగ్ వచ్చేటప్పుడు అంతకంటే ఎక్కువ ఉంటుంది; అడాప్టర్ కాలిపోవచ్చు. అలాగే కరెంటు పోతే మోడెమ్, రౌటర్, అడాప్టర్ మూడూ ఆగి అత్యవసర కాల్ కూడా వెళ్లదు కాబట్టి, వాటిని బ్యాటరీ బ్యాకప్ మీద ఉంచడమో, మొబైల్‌ను అందుబాటులో పెట్టుకోవడమో చేయాలి.

మార్పులన్నీ అయ్యాక మూడింటినీ ఆపి, ముందు మోడెమ్‌ను, దాని లైట్లు నిలకడగా వెలిగాక రౌటర్‌ను, చివరగా అడాప్టర్‌ను ఆన్ చేయండి. అప్పుడు కంప్యూటర్ నుంచి ఒక పెద్ద ఫైల్‌ను అప్‌లోడ్‌కు పెట్టి, అది వెళ్తుండగానే ఎవరితోనైనా పది నిమిషాలు మాట్లాడి చూడండి. అవతలివారికి మీ మాట తెగిపోతుంటే అప్‌లోడ్ నిండిపోయి మాటకు చోటు దొరకడం లేదన్నమాట. క్యూఓఎస్‌లో వేసిన సంఖ్యను ఇంకొంచెం తగ్గించి మళ్లీ పరీక్షించాలి.