వారానికి నాలుగు కార్డులు

తిరుపతి నుంచి తిరుమల కొండ మీదికి పోయే బస్సులో ఇరవై ఆరేళ్లు కండక్టరుగా చేశాను. ఘాట్ రోడ్డు ఎక్కే ఆ కాసేపట్లోనే మనుషులు ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని మాటలు చెప్పేవాళ్లు. కొందరు దిగేటప్పుడు ‘మా ఊరికి రాండి’ అని టికెట్ వెనకాల చిరునామా రాసిచ్చేవాళ్లు. అట్లాంటి చీటీలు బిస్కెట్ డబ్బా నిండా ఉన్నాయి. రిటైరయ్యాక వాటిని బయటికి తీశాను. ఇప్పుడు ప్రతి ఆదివారం నాలుగు కార్డులు రాస్తాను: రెండు స్నేహితులకు, రెండు ఒక్కసారే చూసినవాళ్లకు. మీకూ రాయాలనుంటే, నాకు తెలిసింది చెబుతాను.

పోస్టుకార్డు 50 పైసలు, మడిచి అంటించే ఇన్‌ల్యాండ్ లెటర్ రెండున్నర, కవరు 5 రూపాయలు. ఒకేసారి ఇరవై కార్డులు కొనుక్కోండి, పది రూపాయలతో చిల్లర గొడవ ఉండదు.

కార్డు చిన్నది. ‘మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాము’ అంటూ మొదలుపెడితే సగం అక్కడే అయిపోతుంది. ఒక్క మాటలో ‘ఉభయకుశలోపరి’ అనేసి, ఆ వారం మీ కళ్లతో చూసిన ఒక్క సంగతి రాయండి. మగవాళ్లు ఆడవేషం కట్టే మా తిరుపతి గంగమ్మ జాతరప్పుడు, మదనపల్లెలో ఉన్న నా చిన్ననాటి స్నేహితుడికి ఇట్లా రాశాను: ‘ఇస్త్రీ బండాయన కొడుకు మాతంగి వేషం కట్టాడ్రా. వాళ్లమ్మ పిన్నీసు పళ్ల మధ్య పట్టుకుని, తన పెళ్లిచీర కుచ్చిళ్లు వాడికి సర్దుతా ఉంది. వాడికి సిగ్గు, ఆమెకు నవ్వు.’ జాతర బాగా జరిగిందని రాసుంటే వాడు చదివి పక్కన పెట్టేవాడు. దీనికి మాత్రం నాలుగో రోజే జవాబొచ్చింది, తనకు వాళ్లమ్మ వేషం కట్టిన ఏడాదిని గుర్తుచేసుకుంటూ.

చివర ఒక ప్రశ్న ఉండాలి. ఎలా ఉన్నారంటే బాగున్నామంటారు, అంతటితో సరి. ‘బావి దగ్గర పనసచెట్టు ఈ ఏడు కాసిందా?’ అని అడగండి. చెట్టు దగ్గరికి వెళ్లి చూసొచ్చి మరీ రాస్తారు.

పరిచయం లేనివాళ్లకైతే ముందే ‘కార్డు రాయొచ్చా?’ అని అడిగి చిరునామా తీసుకోండి. మొదటి కార్డు వారంలోపే వెయ్యాలి, ముఖం గుర్తుండగానే. ఎక్కడ కలిశారో మొదటి వాక్యంలోనే చెప్పండి. జీతం, పిల్లల పెళ్లిళ్లు అడగొద్దు. తనవాళ్ల నుంచి తప్పిపోయి మా బస్సెక్కిన శ్రీకాకుళం పెద్దావిడకు నేను అట్లాగే రాశాను: ‘అమ్మా, అలిపిరి దగ్గర మీ వాళ్లను వెతికి అప్పగించిన కండక్టరును.’ ఆమెకు చదువు రాదు. మనవరాలు చదివి వినిపించి, ఆమె చెప్పింది రాసేది. మొదట్లో గీతల మీద ఎగుడుదిగుడుగా కూర్చున్న ఆ అక్షరాలు ఏడాదికేడాది గుండ్రంగా కుదురుకోవడం నేను కార్డుల మీదే చూశాను. పెద్దావిడ పోయిందని కూడా ఆ అమ్మాయే రాసింది. ఇప్పటికీ రాస్తూనే ఉంది.

ఒక జాగ్రత్త. కార్డుకు తలుపు లేదు, పోస్ట్‌మన్ నుంచి పక్కింటివాళ్ల దాకా ఎవరైనా చదవొచ్చు. ఒకసారి స్నేహితుడి అప్పు సంగతి కార్డు మీదే అడిగేశాను. ఇంట్లో అందరూ చదివారు. ఏడాది పాటు వాడు నాకు రాయలేదు, అది వాడి తప్పు కాదు. డబ్బు, జబ్బు, ఇంటి గొడవల మాటైతే ఇన్‌ల్యాండ్‌లోనో కవరులోనో రాయండి. ఇన్‌ల్యాండ్ లోపల మాత్రం ఫొటోగానీ ఇంకేదిగానీ పెట్టకూడదు.

చిరునామాలో పిన్‌కోడ్ ఆరంకెలూ సరిగ్గా రాయండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయినా మా 517501 మారలేదు. చిత్తూరు టౌను 517001. పాత చీటీల్లో జిల్లా పేరు మారుండొచ్చు, పిన్ ఉంటే కార్డు దారి తప్పదు.

జవాబు రాకపోతే మనసు కష్టపెట్టుకోవద్దు. చాలామందికి రాయాలనే ఉంటుంది, కార్డు కొనడానికి పోస్టాఫీసుకు పోలేరు. పెద్దవాళ్లకు రాసేటప్పుడు నేను 5 రూపాయల కవరులో ఉత్తరంతో పాటు నా చిరునామా రాసిన ఖాళీ కార్డు కూడా పెడతాను. వాళ్లు రెండు ముక్కలు రాసి డబ్బాలో వేస్తే చాలు.