పోటీకి నిలిచే ఇంజినీరింగ్ ఆలోచన – 3వ పాఠం: నమూనా ఖర్చు నుంచి అమ్మకం ధర దాకా

గత పాఠంలో సమస్యను ఒక్క వాక్యంలోకి తెచ్చుకున్నాం: ‘ట్యాంకర్ నీళ్లు కొనే అపార్ట్‌మెంట్ వాళ్లకు సంపులో నిజంగా ఎన్ని లీటర్లు పడ్డాయో తెలియదు.’ దానికి జవాబుగా మనం చేసేది సంపు మూత కింద బిగించి, నీటి మట్టాన్ని ధ్వనితో కొలిచే చిన్న యంత్రం. ఈసారి దానికి అంకెలు కడదాం. బెంగళూరు కాలేజీ పోటీల్లో నమూనా చక్కగా పనిచేసిన జట్లు కూడా ‘ఎంతకు అమ్ముతారు, ఆ ధర ఎలా వచ్చింది?’ అనగానే తడబడతాయి. బహుమతి చాలాసార్లు అక్కడే చేజారుతుంది.

ముందుగా కొనేవాళ్లకు మిగిలేది లెక్క కట్టాలి, మీ ఖర్చు సంగతి తర్వాత. 2024 వేసవిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు నగర జిల్లా అధికారులు 5 నుంచి 10 కిలోమీటర్ల దూరానికి 12,000 లీటర్ల ట్యాంకర్ ధరను రూ.1,200గా ఖరారు చేశారు. అంటే లీటరు 10 పైసలు. ట్యాంకరుకు 500 లీటర్లు తక్కువ పడుతున్నాయనుకుంటే నష్టం రూ.50. రోజుకు 4 ట్యాంకర్లు తెప్పించే అపార్ట్‌మెంట్‌కు నెలకు రూ.6,000. ఇక్కడ ‘500’ మీ ఊహ మాత్రమే. దాన్ని న్యాయనిర్ణేతల ముందు పెట్టేలోపు నిజం చేసుకోవాలి. ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి తీసుకుని, సెంటీమీటర్లు గుర్తుపెట్టిన కర్రతో పది ట్యాంకర్లకు ముందూ తర్వాతా మట్టం కొలవండి. నీళ్లు పడుతున్నంతసేపూ పైకి ఎక్కించే మోటారు ఆపి ఉంచాలి. లేకపోతే మోటారు తోడిన నీళ్లు కూడా ట్యాంకర్ కొరతలాగే కనిపిస్తాయి.

ఇప్పుడు కొలత కచ్చితత్వం. ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, నిదానంగా చదవండి. 5 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు ఉన్న సంపులో 1 సెంటీమీటరు మట్టం అంటే 150 లీటర్లు. 12,000 లీటర్లు పడితే మట్టం 80 సెంటీమీటర్లు పెరగాలి. అల్ట్రాసోనిక్ సెన్సర్ మన చెవికి వినపడని ధ్వనిని పంపి, అది నీటికి తగిలి వెళ్లి వచ్చిన సమయాన్ని కొలుస్తుంది, దూరాన్ని మీ ప్రోగ్రాం లెక్కిస్తుంది. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లు, ఒక్కో డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. ఎండలో కాలిన ఇనుప మూత కింద గాలి 35 డిగ్రీలుంటే వేగం సుమారు 352 అవుతుంది. ప్రోగ్రాంలో 343 అనే రాసి ఉంచితే 80 సెంటీమీటర్లు సుమారు 78గా కనిపిస్తాయి. ట్యాంకర్ డ్రైవరు పూర్తిగా పోసినా సుమారు 310 లీటర్లు కొరత పెట్టాడని మీ యంత్రం చెబుతుంది. నిజాయితీగా పనిచేసిన మనిషిమీద నింద వేసే వస్తువుకు అవార్డు రాకూడదు.

పరిష్కారం ఖరీదైనదేమీ కాదు. డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్‌ను మూత కింద గాలిలో వేలాడదీసి, దాని డేటా తీగకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. వేగాన్ని 331.3 + 0.606 × ఉష్ణోగ్రత అనే సూత్రంతో ప్రతి కొలతకూ లెక్కించండి. నీటి అలలు తగ్గడానికి పది నిమిషాలు ఆగి, 11 రీడింగులు తీసుకుని, వాటిని వరుసలో పేర్చి మధ్యలోదాన్ని వాడండి. సగటు తీస్తే ఒక్క తప్పుడు రీడింగ్ మొత్తాన్ని చెడగొడుతుంది. నీరు తగిలినా చెడని జేఎస్‌ఎన్-ఎస్‌ఆర్04టీ లాంటి సెన్సర్లు 20–25 సెంటీమీటర్ల కంటే దగ్గర కొలవలేవు. కాబట్టి సంపు నిండినా నీటికీ సెన్సర్‌కూ మధ్య 30 సెంటీమీటర్లు ఉండాలి. గోడకూ పైపులకూ దూరంగా బిగించండి, లేదంటే వాటి ప్రతిధ్వనినే నీటి మట్టం అనుకుంటుంది.

ఇక ఖర్చు. కింది అంకెలు పద్ధతి చూపడానికి వేసుకున్నవి, జీఎస్టీ కలపనివి. బెంగళూరులో ఎలక్ట్రానిక్ భాగాలు అమ్మే ఎస్పీ రోడ్‌లో అడిగి మీ అంకెలు రాసుకోండి. ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్) 380, దూరం సెన్సర్ 350, ఉష్ణోగ్రత సెన్సర్ 90, అడాప్టర్ 150, నీళ్లు చొరబడని పెట్టె 180, వైరు 150, పీసీబీ (భాగాలు అతికించే సర్క్యూట్ పలక), రెసిస్టర్లు 100. మొత్తం రూ.1,400. చాలా జట్లు ఇక్కడే ఆగి, రూ.2,000కు అమ్ముతామంటాయి. అది నష్టానికి దారి.

పాడైన భాగాలకు 5 శాతం, అంటే 70 కలపండి. బిగించి పరీక్షించే కూలి 130, ప్యాకింగ్ 60. వారంటీని ఎవరూ కలపరు: ఏడాదిలో నూటికి 8 మార్చాల్సి వస్తే, ఒక్కోదానికి వస్తువు 1,400, వెళ్లిరావడం 300 చొప్పున, అమ్మిన ప్రతి యంత్రం మీదా రూ.136 పడుతుంది. మొత్తం రూ.1,796. అమ్మే ధరలో 25 శాతం సంస్థకు మిగలాలంటే దీన్ని 0.75తో భాగించాలి: రూ.2,395. డీలర్‌కు 20 శాతం ఇవ్వాలంటే మళ్లీ 0.8తో భాగించాలి: రూ.2,994. 18 శాతం జీఎస్టీతో రూ.3,533. భాగించే బదులు 2,395కు 20 శాతం కలిపితే 2,874 వస్తుంది. అందులో డీలర్ తన 20 శాతం తీసుకున్నాక మీకు చేరేది 2,299, అంటే ఒక్కోదానికి రూ.96 తక్కువ.

బిగింపుకు ఎలక్ట్రీషియన్‌కు మరో 400 ఇచ్చినా అసోసియేషన్‌కు అయ్యేది నాలుగు వేల లోపే. మీరు కొలిచిన కొరత నిజంగా 500 లీటర్లయితే నెలలోపే తిరిగి వస్తుంది. 100 లీటర్లయితే నెలకు మిగిలేది రూ.1,200, మూడు నెలలు దాటుతుంది. రెండు లెక్కలూ ఒకే స్లైడ్‌లో చూపండి. ‘కర్ర ఉండగా ఇదెందుకు?’ అని తప్పక అడుగుతారు. రాత్రి రెండింటికి వచ్చే ట్యాంకర్ దగ్గర కర్ర పట్టుకుని ఎవరు నిలబడతారన్నదే మీ జవాబు. వైఫై ఉన్న వస్తువు అమ్మడానికి కావాల్సిన డబ్ల్యూపీసీ (రేడియో తరంగాల వాడకాన్ని చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం) అనుమతి ఖర్చును కూడా వేరే వరుసలో రాయండి.

నమూనాకూ అమ్మకానికీ మధ్య దూరం ఎంతో తెలియాలంటే ఎలక్ట్రిక్ స్కూటర్లు తయారుచేసే ఏథర్‌ను చూడండి. ఐఐటీ మద్రాస్ పూర్వ విద్యార్థులు 2013లో మొదలుపెట్టిన ఈ సంస్థ తన స్కూటర్‌ను 2016 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రదర్శించింది. అమ్మకానికి తెచ్చింది 2018లో.

వచ్చే పాఠానికి సిద్ధం చేయాల్సినవి: పది ట్యాంకర్ల కొలతల పట్టిక, 1, 10, 100 యంత్రాలకు విడివిడిగా అడిగిన భాగాల ధరలు. 4వ పాఠంలో ప్రొవిజనల్ (తాత్కాలిక) పేటెంట్ దరఖాస్తు రాద్దాం. అది దాఖలయ్యేదాకా నమూనా ఫోటోలు, సర్క్యూట్ బొమ్మ ఎక్కడా పెట్టకండి.