ఎంబీబీఎస్ విద్యార్థులకు ఆరోగ్య ప్రోత్సాహం నేర్పడం: ఉప్పు ప్యాకెట్‌తో ఒక పాఠం

ఎంబీబీఎస్‌లో ఒక్కో విద్యార్థి కొన్ని కుటుంబాలను ఎంచుకుని వాళ్ల ఆరోగ్యాన్ని గమనించే కుటుంబ దత్తత కార్యక్రమం వచ్చాక మొదటి ఏడాది విద్యార్థులు సైతం పల్లెల్లో ఇళ్ల గడప తొక్కుతున్నారు. ఆరోగ్య ప్రోత్సాహం, అంటే జనం తమ ఆరోగ్యాన్ని తామే మెరుగుపరచుకునేలా తోడ్పడటం, నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. అయినా ఆ సందర్శన తరచు బీపీ చూసి, ఫారం నింపి, గోడకు పోస్టర్ అతికించడంతో ముగిసిపోతోంది.

కమ్యూనిటీ మెడిసిన్ (సమాజ ఆరోగ్యం గురించిన వైద్య విభాగం) అధ్యాపకులు ముందుగా ఒకే అంశాన్ని తీసుకోవాలి. నేనైతే ఉప్పును ఎంచుకుంటాను. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములలోపే వాడాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన విద్యార్థులకు కంఠతా వచ్చు. ఆ 5 గ్రాములు వంటింట్లో ఎలా కనబడతాయో మాత్రం తెలియదు. అందుకని తొలి సందర్శనలో సలహాలు చెప్పనివ్వకూడదు. "అమ్మా, ఈ ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతుంది?" అని అడిగి రాసుకు రమ్మనాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులు వస్తే తలకు రోజుకు 5 గ్రాములు, 25 రోజులకే అయిపోతే 10 గ్రాములు. ఇది ఉజ్జాయింపు లెక్కే. కూరగాయలు కడగడానికి వాడినది కూడా ఇందులో కలిసిపోతుంది, బయట కొన్న అప్పడాలు, పచ్చళ్లలోని ఉప్పు ఇందులోకి రాదు. ఆ లోపాలను విద్యార్థుల చేతనే చెప్పించాలి.

సలహాలు చెప్పే తరువాతి సందర్శనలో, సైంధవ లవణం వాడితే బీపీ రాదు కదా అని ఇంట్లో ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అందులోనూ సోడియం దాదాపు అంతే ఉంటుందని, అయోడిన్ మాత్రం సాధారణంగా కలపరని ఎదుటివారిని చిన్నబుచ్చకుండా ఎలా చెప్పాలో బయలుదేరే ముందురోజే తరగతిలో అభినయించి చూపించాలి.

ఆరోగ్య ప్రోత్సాహానికి ఐదు కార్యరంగాలు సూచించిన 1986 నాటి అంతర్జాతీయ పత్రం ఒటావా ప్రకటనను సందర్శన తరువాతే బోధించాలి. వ్యక్తిగత నైపుణ్యాలు ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే. ప్రజావిధానం, అనుకూల పరిసరాలు, సామాజిక కార్యాచరణ, ఆరోగ్య సేవల దిశ మార్చడం అనే మిగతా నాలుగూ ఆ ఇంట్లో ఎక్కడ తగులుతాయో విద్యార్థులే వెతకాలి. తమ హాస్టల్ మెస్‌లోని సాంబారును కూడా వదలనక్కర్లేదు.

మార్కులు పోస్టర్ల సంఖ్యకు ఇవ్వకూడదు. నెల తరువాత విద్యార్థిని అదే ఇంటికి మళ్లీ పంపి, ఉప్పు వాడకం తగ్గకపోతే కారణమేమిటని వైవాలో (మౌఖిక పరీక్షలో) అడగాలి. "అత్తగారికి చప్పటి కూర రుచించదు, వంట కోడలిది, నిర్ణయం అత్తగారిది, నేను మాట్లాడింది కోడలితో మాత్రమే" అని చెప్పగలిగినవారికి పూర్తి మార్కులు వేయవచ్చు.