ఎక్స్‌టసీ వేసుకున్నవాణ్ణి ‘పడుకుంటే తగ్గిపోతుంది’ అని వదిలేయకండి

పార్టీల సీజన్ మొదలైందో లేదో అదే వార్త మళ్లీ వచ్చింది. ఎక్స్‌టసీ బిళ్ల వేసుకుని రాత్రంతా డ్యాన్స్ చేసిన కుర్రాడు ఒంట్లో ఏదోలా ఉందన్నాడు. స్నేహితులు పక్క గదిలో పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. పొద్దున చూస్తే ప్రాణం లేదు. ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తూ నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే. మత్తుమందులు చెడ్డవన్న సంగతి మీకు తెలిసిందే కాబట్టి ఆ పాఠం జోలికి పోను. మీ పక్కన ఎవరైనా అది వేసుకుంటే మనిషి పోకుండా ఏం చేయాలో చెబుతాను.

ఒంట్లో ఏం జరుగుతుంది

ఎక్స్‌టసీ, మాలీ అని పిలిచేది ఎండీఎంఏ అనే మత్తుమందునే. మెదడులో సెరొటోనిన్ అనే రసాయనాన్ని అది ఒక్కసారిగా కుమ్మరించేస్తుంది. అందుకే అందరి మీదా ప్రేమ పొంగుతుంది, అలసట తెలియదు, ఒళ్లు కాలిపోతున్నా తెలియదు. గుండె దడదడలాడుతుంది, బీపీ పెరుగుతుంది, దవడ బిగుసుకుపోయి పళ్లు కొరుకుతారు. కిక్కిరిసిన గదిలో గంటల తరబడి గెంతుతుంటే లోపలి వేడికి బయటికి పోయే దారి ఉండదు. ఆ వేడి 40 డిగ్రీలు దాటి పెరుగుతూ పోతే కండరాలు చితికిపోవడం మొదలవుతుంది. ఆ వ్యర్థాలు కిడ్నీలకు చేరి మూత్రం ముదురు టీ రంగులో వస్తుంది. ఆ తర్వాత కాలేయం దెబ్బతింటుంది, రక్తం గడ్డకట్టే తీరే చెడిపోతుంది. ఇదంతా కొన్ని గంటల్లోనే అయిపోతుంది. ‘హాయిగా నిద్రపోతున్నాడు’ అని మీరు అనుకునే ఆ కొన్ని గంటల్లోనే.

నీళ్ల సంగతి

నీళ్లు తాగకపోతే ప్రమాదమని అందరికీ తెలుసు. ఎక్కువ తాగినా ప్రమాదమేనని చాలామందికి తెలియదు. ఈ మందు వల్ల ఒంట్లో ఒక హార్మోన్ పెరిగి, తాగిన నీళ్లను మూత్రంగా బయటికి పోనివ్వదు. రక్తంలో సోడియం పడిపోతుంది, మెదడు వాస్తుంది, ఫిట్స్ వస్తాయి. 1995లో బ్రిటన్‌లో ఒక అమ్మాయి తన 18వ పుట్టినరోజు పార్టీలో ఈ బిళ్ల వేసుకుని, గంటన్నరలో దాదాపు 7 లీటర్ల నీళ్లు తాగి చనిపోయింది. ఇలా సోడియం పడిపోయే ముప్పు ఆడవాళ్లకు ఇంకా ఎక్కువ. కొంచెం కొంచెంగా గుక్కలు వేయాలి తప్ప సీసాలకు సీసాలు పట్టించకూడదు. తలనొప్పి, వాంతులు, తికమక మాటలు కనిపిస్తే అది అలసట కాదు. పడుకోబెట్టకండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి.

రెండో బిళ్ల

అరగంటయినా ఎక్కలేదని ఇంకోటి వేసుకుంటారు. అసలు ఎండీఎంఏ ఎక్కడానికే చాలాసార్లు అరగంట నుంచి గంట పడుతుంది. పైగా ఆ పేరుతో అమ్మే బిళ్లల్లో కొన్నిసార్లు పీఎంఏ అనే మందు ఉంటుంది. అది ఇంకా నెమ్మదిగా ఎక్కుతుంది, ఇంకా విషం. మొదటిదే పని మొదలుపెట్టని సమయంలో రెండోది పడితే రెండూ కలిసి ఒకేసారి దాడి చేస్తాయి. బిళ్ల రంగు, దాని మీది ముద్ర చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు, అమ్మినవాడితో సహా.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను, గుర్తుపెట్టుకోండి.

డిప్రెషన్‌కి మందులు వాడుతున్నవాళ్లు దీని దగ్గరికి కూడా పోకూడదు. ఎంఏఓఐ రకం మందులైతే నేరుగా ప్రాణాంతకం. ట్రమడాల్ నొప్పి మాత్రలు, డెక్స్ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందులు కూడా దీనితో కలిస్తే సెరొటోనిన్ హద్దు దాటిపోతుంది. వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, విపరీతమైన చెమటలు దానికి గుర్తులు.

హెచ్‌ఐవీకి రిటొనావిర్ వాడేవాళ్లలో ఎండీఎంఏ ఒంట్లోనే పేరుకుపోయి మరణాలు జరిగాయి.

గుండె జబ్బు, బీపీ, ఫిట్స్ ఉన్నవాళ్లు వద్దంటే వద్దు.

మద్యంతో కలపొద్దు.

ఒళ్లు కాలుతోందని పారాసిటమాల్ ఇవ్వకండి. ఇది జ్వరం కాదు, ఆ మాత్ర దీని మీద పనిచేయదు. ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. అది వచ్చేలోపు చల్లటి చోటికి తీసుకెళ్లండి, బట్టలు వదులు చేయండి, ఒళ్లు తడిపి ఫ్యాన్ వేయండి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టండి.

స్పృహ లేకపోతే పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఊపిరి గమనిస్తూ అక్కడే కూర్చోండి. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. నోట్లో ఏమీ పోయకండి. ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా అదిమి పట్టుకోకండి.

గదిలో ఒంటరిగా వదలకండి. ‘అయిదు నిమిషాల్లో వస్తా’ అని కూడా వదలకండి.

పోలీసులొస్తారనో, ఇంట్లో తెలిసిపోతుందనో ఫోన్ చేయకుండా ఆగకండి. అలా ఆగినవాళ్లు తెల్లవారాక అదే ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాల్సి వస్తుందో ఒక్కసారి ఊహించుకోండి.

రెండు మూడు రోజుల తర్వాత మనసు పాతాళానికి పడిపోవచ్చు. చచ్చిపోవాలనే మాట ఆ రోజుల్లో ఎవరి నోటైనా వస్తే తేలిగ్గా తీసుకోకండి, అదే రోజు డాక్టర్‌కి చూపించండి.

ఆస్పత్రిలో అబద్ధం చెప్పకండి. ‘ఏదో తిన్నది పడలేదు’ అంటే మేం దానికే వైద్యం మొదలుపెడతాం. ఏం వేసుకున్నాడు, ఎన్ని, ఎన్నింటికి, దానితో పాటు ఇంకేం తాగాడు, రోజూ ఏ మందులు వాడతాడు, అన్నీ చెప్పండి. మిగిలిన బిళ్ల ఉంటే పారేయకుండా కవర్లో వేసి డాక్టర్ చేతికివ్వండి. అవన్నీ తెలిసిన స్నేహితుడే అంబులెన్స్‌లో కూడా వెళ్లాలి.