నల్లరేగడి బాటకు పాత టైర్ల పొడి: ముందు సున్నం, ఆ తర్వాతే రబ్బరు

జమ్మలమడుగు వైపు రేగడి చేలల్లో బాట ఎట్లుంటుందో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, రెండు వానలు పడితే చెప్పులు ఊడిపోయే బురద. పైన ఎంత గరుసు తోలినా మెల్లగా కిందికి దిగిపోతుంది, ఎందుకంటే అడుగున ఉన్న మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది.

ఆ మట్టిలోనే సున్నం, పాత టైర్ల పొడి కలిపి బాట గట్టిచేసే పద్ధతి ఇది. మీ మట్టి ఎంత ఉబ్బుతుందో ముందు చూడండి. మట్టిని ఓవెన్‌లో ఆరబెట్టి, 425 మైక్రాన్ల జల్లెడ పట్టి, 10 గ్రాముల చొప్పున రెండు 100 మి.లీ. కొలత జాడీల్లో వేసి, ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్ పోసి, గాలి బుడగలు పోయేలా గాజు పుల్లతో కలిపి 24 గంటలు వదిలేయండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. మట్టి అక్కడ 10 మి.లీ. దగ్గర, నీళ్లలో 18 మి.లీ. దగ్గర నిలిస్తే, 10కి 8 పెరిగినట్టు, అంటే ఉబ్బు 80 శాతం. 50 శాతం దాటిన మట్టిని అట్లే వాడొద్దు.

ఇక టైర్ల పొడి. టైర్లకు కొత్త రబ్బరు వేసే షాపుల్లో గీకినప్పుడు రాలేది కూడా పనికొస్తుంది, కాకపోతే అయస్కాంతం తిప్పి ఇనుప తీగ ముక్కలు ఏరేయాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే: రబ్బరు మట్టిని అతికిస్తుందనుకుంటారు. అతికించదు. బంకమట్టి గుణం మార్చేది సున్నం, నెర్రెలు విచ్చకుండా పట్టి ఉంచడం వరకే రబ్బరు పని.

ముందు 10 మీటర్ల ముక్క మీద చేసి చూడండి. వెడల్పు 3.5 మీటర్లు, లోతు 15 సెంటీమీటర్లు అంటే దాదాపు 8 టన్నుల పొడి మట్టి. 4 శాతం లెక్కన సున్నం 320 కిలోలు, 5 శాతం లెక్కన రబ్బరు 400 కిలోలు. ఇవి మొదలుపెట్టడానికి పెట్టుకున్న అంకెలు, మీ మట్టికి సరైనవి ల్యాబ్‌లోనే తేలాలి. రోటవేటర్‌తో గడ్డలు చిదిపి, సున్నం చల్లి (కళ్లకు అద్దాలు, చేతులకు గ్లౌజులు మర్చిపోవద్దు), నీళ్లు కొట్టి కలిపి ఒకరోజు మాగనివ్వండి. మర్నాడు మట్టి జిగట తగ్గి పొడిపొడిగా విడిపోతుంది, రబ్బరు అప్పుడు కలపాలి. మట్టిని పిడికిట పడితే ఉండ కట్టాలి, వేళ్లకు అంటకూడదు, అదీ పదును. వెంటనే రోలర్ ఎక్కించండి. రోలర్ కింద నేల పరుపులా లేచి పడుతుంటే రబ్బరు ఎక్కువైందని అర్థం.

ల్యాబ్‌లో సీబీఆర్ పరీక్ష (బాట కింది మట్టి ఎంత బరువు మోస్తుందో చూసేది) 4 రోజులు నీళ్లలో నానబెట్టాకే చేయించుకోండి, ఎండు మట్టి అంకె చూసి మురిసిపోతే వానాకాలంలో ఏడవాల్సిందే. టైర్లలో జింక్ ఉంటుంది కాబట్టి బావి పక్కన, నీళ్లు నిలిచే చోట ఈ పని పెట్టుకోవద్దు. మిగతా చోట్ల కూడా పక్క కాలువ తీయకుండా మొదలుపెట్టకండి.