చదరంగంలో నల్ల పావులతో ఆడేటప్పుడు ఎఫ్7 మీద గుర్రం దాడిని ఎదుర్కోవడం ఎలా?

పోటీకి వెళ్లేటప్పుడు ఒక పెన్ను వెంట ఉంచుకోండి. ఎత్తు ఆడిన తరువాతే దాన్ని స్కోరు షీటులో, అంటే ఎత్తులు నమోదు చేసే కాగితంలో, రాయాలి.

గడి పేరులో అక్షరం (ఏ నుంచి హెచ్ వరకు) నిలువు వరుసను, అంకె అడ్డు వరుసను చెబుతాయి. మొదటి మూడు ఎత్తులు సులువు. తెల్ల బంటు ఈ4కు వస్తే మీ బంటును ఈ5లో నిలపండి; గుర్రం ఎఫ్3కి వస్తే మీ గుర్రాన్ని సి6కు, బిషప్ (శకటు) సి4కు వస్తే రెండో గుర్రాన్ని ఎఫ్6కు తీసుకురండి. దాడికి జడిసి మూడో ఎత్తులోనే బిషప్‌ను ఈ7లో ముడిచిపెట్టేవారు చొరవను ఎదుటివారికి ఊరికే అప్పగిస్తున్నారు. ఆ పద్ధతిని నేను ఎవరికీ నేర్పను.

నాలుగో ఎత్తుకు తెల్ల గుర్రం జి5కు దూకి, బిషప్‌తో కలిసి ఎఫ్7 బంటుకు గురిపెడుతుంది. మీ బంటును డి5కు తోసి బిషప్ దారి మూయండి. ఈ4 బంటు దాన్ని చంపుతుంది.

ఆటలు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. చేతికందిన బంటే కదా అని ఎఫ్6 గుర్రంతో డి5లో తిరిగి చంపకండి. చంపితే తెల్ల గుర్రం ఎఫ్7లో పడి మంత్రినీ ఏనుగునూ ఒకేసారి పట్టుకుంటుంది. దాన్ని రాజుతో చంపగానే తెల్ల మంత్రి ఎఫ్3 నుంచి చెక్ చెబుతుంది (రాజు మీద నేరుగా దాడి చేస్తుంది), డి5 గుర్రాన్ని కాపాడుకోవడానికి మీ రాజు ఈ6కు, అంటే బోర్డు నడిమధ్యకు రావలసి వస్తుంది. కంప్యూటర్ దీన్ని నిలబెట్టగలదని వాదించేవారున్నారు. గడియారం నడుస్తుండగా ఆడవలసింది కంప్యూటర్ కాదు, మీరు.

సరైన ఎత్తు సి6 గుర్రాన్ని ఏ5కు నడపడమే. అంచున గుర్రాన్ని నిలపరాదని నేర్చుకున్నవారు ఇక్కడ వెనకాడతారు, కాని అది బిషప్ మీద దాడి చేస్తూ వెళుతోందని గమనించాలి. బిషప్ బి5 నుంచి చెక్ చెబితే బంటును సి6లో అడ్డం పెట్టండి. తెల్ల బంటు దాన్ని చంపితే తప్పనిసరిగా బి7 బంటుతోనే తిరిగి చంపాలి. గుర్రంతో చంపితే బంటు పోయినందుకు ప్రతిఫలం దక్కదు, బంటుతో చంపితే బిషప్ మళ్లీ పారిపోవలసి వస్తుంది.

బిషప్ ఈ2కు తగ్గితే బంటును హెచ్6కు తోసి జి5 గుర్రాన్ని తరమండి. అది ఎఫ్3కి వెళితే మీ బంటును ఈ4కు తోయండి, ఆ గుర్రం ఈ5కు ఎక్కితే బిషప్‌ను డి6కు దింపండి. గుర్రం ఎఫ్3కి బదులు హెచ్3కి వెళితే తేలికగా తీసుకోకండి: మొదటి ప్రపంచ ఛాంపియన్ స్టైనిట్స్ ఆడిన ఆ ఎత్తునే 1963లో అమెరికన్ ఆటగాడు బాబీ ఫిషర్ తోటి అమెరికన్ గ్రాండ్‌మాస్టర్ ఆర్థర్ బిస్గయర్ మీద ఆడి గెలిచారు. అప్పుడు బిషప్‌ను సి5లో నిలిపి, పోయిన బంటు కోసం వెంటనే వెంపర్లాడకుండా, ముందు కాస్లింగ్ (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదిపి రాజును భద్రపరచడం) చేయండి.