తిరుపతిలో మూగజీవాల తరఫున పనిచేయదలచినవారికి: నటి అమల నడిచిన దారి నుంచి కొన్ని సూచనలు

మూగజీవాల సంక్షేమం అనగానే తెలుగువారిలో చాలామందికి ముందుగా గుర్తుకు వచ్చే పేరు అక్కినేని అమలది. చెన్నై కళాక్షేత్రంలో భరతనాట్యం నేర్చుకుని, సినిమాల్లో కథానాయికగా పేరు తెచ్చుకుని, 2014లో ఒక తమిళ టెలివిజన్ ధారావాహికలో వైద్యురాలి పాత్ర కూడా పోషించిన ఆమె, 1992లోనే హైదరాబాదులో బ్లూక్రాస్ సంస్థకు శ్రీకారం చుట్టారు. ఆమె చదివిన కళాక్షేత్రాన్ని 1936లో నెలకొల్పిన రుక్మిణీదేవి అరండేల్, 1952లో రాజ్యసభకు నామినేట్ అయిన తరువాత, జంతువులపై క్రూరత్వాన్ని నిరోధించే ప్రైవేటు బిల్లును సభ ముందుకు తెచ్చారు. ఆ ప్రయత్నం నుంచే 1960 నాటి చట్టం పుట్టింది. 1962లో ఏర్పడిన భారత జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. వీరిద్దరికీ ఉన్న పేరు కొన్ని తలుపులు తెరిచిపెట్టి ఉండవచ్చు గాని, పది కాలాలపాటు నిలిచింది మాత్రం చట్టం, ఆసుపత్రి, ఆపరేషన్ బల్ల, లెక్కల పుస్తకం. తిరుపతిలో పని మొదలుపెట్టదలచినవారు అటువైపు నుంచే మొదలుపెట్టడం మేలు. దానికి తెరమీద కనిపించి ఉండనక్కరలేదు.

మొట్టమొదట మీ వీధిని లెక్కించండి. తెల్లవారుజామున, పాలవ్యాన్లు తిరిగే వేళకు, కుక్కలు తమ తమ స్థలాల్లోనే ఉంటాయి గనుక లెక్క తప్పదు. ఒక నోటుపుస్తకంలో ప్రతి కుక్కకూ రంగు, ఆడో మగో, ఎక్కడ పడుకుంటుంది, చెవికి గాటు ఉందా లేదా అన్నవి రాసుకోవాలి. చెవి కొనన చిన్నగా కత్తిరించిన గుర్తు ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ జరిగిందని అర్థం. కుక్కల కొట్లాటలో చినిగిన చెవి అంచు వంకరటింకరగా, ముడతపడి ఉంటుంది. శస్త్రచికిత్స గుర్తు అంచు మాత్రం కత్తెరతో తీసినట్టు నున్నగా ఉంటుంది. ఈ తేడాను దగ్గరగా చూసి తెలుసుకోకపోతే మీ లెక్క మొత్తం తారుమారవుతుంది. పాలిచ్చే తల్లులను విడిగా గుర్తుపెట్టుకోండి. వాటిని వ్యానులో పట్టుకుపోతే వెనక మిగిలిన కూనలు ఆకలికి చనిపోతాయి.

ఆ లెక్క చేతిలో ఉన్నప్పుడే అర్జీకి బలం వస్తుంది. వీధి కుక్కలకు శస్త్రచికిత్స చేయించి, రేబిస్ టీకా వేయించే బాధ్యత 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం స్థానిక సంస్థది, అంటే ఊరిని బట్టి నగరపాలక సంస్థది లేదా పంచాయతీది. పట్టిన చోటును నమోదు చేసి, కోలుకున్న తరువాత తిరిగి అక్కడే వదలాలన్నది ఆ నిబంధనల్లోని సాధారణ సూత్రం. కాబట్టి "మా వీధిలో కుక్కలు ఎక్కువయ్యాయి, చర్యలు తీసుకోగలరు" అని రెండు వాక్యాలు రాసి ఊరుకోకూడదు. వీధి పేరు, వార్డు సంఖ్య, మొత్తం కుక్కలు, అందులో ఆపరేషన్ కానివి, పాలిచ్చే తల్లులు, ఏ సమయంలో ఎక్కడ దొరుకుతాయి అన్న వివరాలతో ఒక పుటకు మించకుండా రాయాలి. ముందుగా వార్డు సచివాలయంలో ఇవ్వండి. కదలిక లేకపోతే కమిషనరుకు ఇవ్వండి. అప్పటికీ పని జరగకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. ప్రతిచోటా రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయినప్పటి నుంచి చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపువారు తిరుపతి కలెక్టరేటుకు, పలమనేరు, కుప్పం వైపువారు చిత్తూరుకు వెళ్లవలసి ఉంటుంది. ఇప్పటికీ పాత అలవాటు కొద్దీ చిత్తూరు బస్సెక్కి ఒక సోమవారం పోగొట్టుకునేవారు ఉన్నారు.

అన్నం పెట్టే విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం, ఎందుకంటే జంతుప్రేమికులకు, ఇరుగుపొరుగువారికి గొడవలు మొదలయ్యేది ఇక్కడే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కుక్కలకు ఆహారం పెట్టడాన్ని నిషేధించి, వార్డుల వారీగా ప్రత్యేక స్థలాలు కేటాయించమని చెప్పింది. రేబిస్ సోకినవాటిని, దాడి చేసే స్వభావం ఉన్నవాటిని తిరిగి వదలకూడదని కూడా అన్నది. అదే ఏడాది నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన కుక్కలను మళ్లీ అక్కడ వదలవద్దని ఆదేశించింది. యాత్రికులతో నిత్యం కిటకిటలాడే తిరుపతి బస్టాండు, రైల్వే స్టేషను పరిసరాల్లో పనిచేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. ఉత్తర్వులు మారుతూ వస్తున్నాయి గనుక అర్జీ రాసే ముందు తాజా ఉత్తర్వు ఏమిటో ఒకసారి చూసుకోండి. మీ అర్జీలోనే ఆహార స్థలం కోసం ఒక వాక్యం చేర్చి, పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, గేట్లకు దూరంగా ఉన్న ఒక మూలను మీరే సూచిస్తే పని తేలికవుతుంది. రోజూ ఒకే వేళకు పెట్టి, తిన్న వెంటనే ఆకులు, కాగితాలు ఎత్తేయండి. ఉడికించిన కోడి ఎముకలు, కారం కలిపిన మిగులు కూరలు పెట్టకండి. గుడ్డు కలిపిన మెత్తటి అన్నం చాలు.

అలిపిరి వైపు మాత్రం ఈ పని అసలు చేయకండి. శేషాచలం అడవి అంచున పడేసిన అన్నం కుక్కలను, పందులను రప్పిస్తుంది. వాటి వెనుక చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప బలైన సంగతి ఈ ఊరు మరచిపోలేదు. అక్కడ కోతికి అరటిపండు ఇవ్వడం కూడా దయ అనిపించుకోదని నా అభిప్రాయం.

కాలనీ సమావేశంలో మాట్లాడవలసి వస్తే, కుక్కల మంచితనం గురించి మొదలుపెట్టవద్దు. అక్కడ కరిపించుకున్న పెద్దావిడో, స్కూటరు మీదినుంచి పడ్డ కుర్రాడో ఉంటారు. వారు చెప్పేది పూర్తిగా వినాలి. ఆ తరువాత కాటు పడితే ఏం చేయాలో చెప్పండి: కుళాయి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు గాయాన్ని కడగాలి, పసుపు, సున్నం, కారం పెట్టకూడదు, వెంటనే రుయా వంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. చర్మంలోకి ఇచ్చే టీకా అయితే మొదటి రోజున, తరువాత 3, 7, 28 రోజులకు వేస్తారు. గాయం లోతుగా ఉన్నా, రక్తం కారినా టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే మందు) కూడా అవసరమవుతుంది. ఇంత చెప్పినవారి మాటకే, ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కలు వీధిలో ఉంటే కొత్త కుక్కలు అంత సులువుగా చేరవన్న వాదన వినే ఓపిక జనానికి కలుగుతుంది.

గాయపడిన కుక్క ఎదురైనప్పుడు తొందరపడి ఎత్తుకోకండి, ఎందుకంటే నొప్పిలో ఉన్న కుక్క అన్నం పెట్టిన చేతినైనా కరుస్తుంది. పాత పంచె నుంచి రెండు మూరల పేలిక చించి, మధ్యలో వదులు ముడి ఉచ్చులా వేసి, వెనుకవైపు నుంచి మూతి మీదుగా తొడిగి బిగించాలి. రెండు కొసలను గడ్డం కింద ఒకసారి పెనవేసి, చెవుల వెనుకకు తెచ్చి, లాగితే ఊడే ముడి వేయాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి ఆడక రొప్పుతున్నా, దవడకు దెబ్బ తగిలినా ఈ కట్టు కట్టకూడదు. తరువాత గోనెసంచి మీదికి మెల్లగా జరిపి, ఇద్దరు నాలుగు కొనలూ పట్టుకుని ఆటోలోకి చేర్చవచ్చు. తిరుపతివారికి ఉన్న పెద్ద సౌకర్యం 1955లో మొదలైన పశువైద్య కళాశాల. శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలో ఉన్న అక్కడి ఆసుపత్రిలో పనివేళల్లో చూపించవచ్చు. పల్లెల్లో ఆవుకో మేకకో ప్రాణం మీదికి వస్తే 1962కు ఫోన్ చేసి సంచార వాహనాన్ని పిలవాలి. చొంగ కార్చుకుంటూ, దవడ జారి, తూలుతూ తిరిగే కుక్కను మాత్రం తాకవద్దు; జనాన్ని దూరంగా ఉంచి నగరపాలక సంస్థకు తెలియజేయండి.

ఎవరైనా జంతువును కావాలని హింసిస్తే పోలీసు ఫిర్యాదు ఎలా రాయాలో తెలిసి ఉండాలి. 1960 చట్టంలోని 11వ సెక్షను కింద తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, ఒక పూట టిఫిను ఖర్చుకు సరిపోయే మొత్తం. అందుకే చంపడం, విషం పెట్టడం, అవయవాలు నరకడం జరిగినప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 325వ సెక్షనును కూడా ఫిర్యాదులో తప్పక రాయండి. దాని కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. విషప్రయోగం అని అనుమానం ఉంటే కళేబరాన్ని పూడ్చేయకుండా, పశువైద్యుడి చేత శవపరీక్ష చేయించమని అదే కాగితంలో కోరండి. వీడియో ఉంటే మూలప్రతిని దాచి, నకలు మాత్రమే పంచుకోండి.

ఇక నటుల సంగతి. శ్రీవారి దర్శనానికో, దుకాణం ప్రారంభానికో సీరియల్ నటీమణులు తిరుపతికి వస్తూనే ఉంటారు. వారిని సంప్రదించగలిగితే, "మూగజీవాలను ప్రేమించండి" అన్న ఒక వీడియో మాట అడిగి సరిపెట్టుకోవద్దు. సెప్టెంబరు 28న ప్రపంచ రేబిస్ దినాన మీరు పెట్టే టీకా శిబిరంలో ఒక గంట కూర్చుని, కుక్కను తెచ్చిన ప్రతి ఇంటివారికీ టీకా కార్డు తన చేత్తో ఇవ్వమని అడగండి. నటి చేతి నుంచి కార్డు అందుకున్న ఇంటివారు వచ్చే ఏడాది తేదీని అంత తేలికగా మరచిపోరు. మరొక కోరిక కూడా కోరవచ్చు: చిత్రీకరణలో జంతువును వాడాలంటే 2001 నిబంధనల ప్రకారం జంతు సంక్షేమ మండలి అనుమతి ఉండాలి గనుక, తాను నటించే సెట్లో ఆ కాగితం ఉందో లేదో అడిగే అలవాటు చేసుకోమనండి. అక్కడ ఆ ప్రశ్న వేయగలిగేది ఆమే, మనం కాదు.

పని పెరిగి చందాలు తీసుకునే స్థితి వస్తే సొసైటీగా నమోదు చేసుకోవాలి. 2001 రాష్ట్ర చట్టం ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురిలో ఒకరు పశువైద్యుడు, ఒకరు లెక్కలు తెలిసినవారు అయితే సగం తలనొప్పులు తగ్గుతాయి. శస్త్రచికిత్సలు మీ సంస్థే చేపట్టాలనుకుంటే జంతు సంక్షేమ మండలి గుర్తింపు విడిగా పొందవలసి ఉంటుంది, అది వచ్చేదాకా ఒక్క కుక్కనైనా ఆపరేషన్ కోసం పట్టకూడదు. చందాలను సొంత ఫోన్ నంబరుకు వేయించుకోకుండా మొదటి రోజు నుంచే సొసైటీ ఖాతాలోకి తీసుకుని, ఏ కుక్కకు ఎంత ఖర్చయిందో మీరు మొదట వీధి లెక్క రాసుకున్న వరుసలోనే రాసి, అడిగినవారికి చూపించండి.